గాలిలో ఆగిన గొడ్డలి

దయ్యాల మాట ఎత్తితే నాకు ఇప్పటికీ విసుగే. మా నాన్న మణుగూరు బొగ్గుబావిలో పనిచేశారు. బావిలో చనిపోయినవాళ్లు లోపల కనిపిస్తారని కాలనీలో చాలామంది చెప్పుకొనేవాళ్లు. నాన్న మాత్రం, "ఇన్నేండ్ల సంది దిగుతున్న, ఎలుకలు తప్ప నాకేం కనపడలే" అని నవ్వేవారు. ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లం. మిగతా రోజుల్లో ఎవరి పని వాళ్లది.

అలాంటి ఇంట్లో పెరిగి, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌గా ఉద్యోగంలో చేరాను. అడవిలో ఎలుగుబంటికి భయపడ్డాను, పాములకు భయపడ్డాను, గొడ్డలి పట్టుకున్న మనుషులకు ఇంకా ఎక్కువ భయపడ్డాను. వేరే వాటికి భయపడాలని ఎప్పుడూ తోచలేదు. అందుకే ఇది చెప్పడం నాకు కష్టంగా ఉంది.

నా బీట్ జూలూరుపాడు దాటాక వచ్చే రిజర్వు ఫారెస్టులో. ఒక పక్క పత్తిచేలు, హద్దు రాళ్లు దాటితే టేకు. నాతో వాచర్ లచ్చన్న తిరిగేవాడు. కోయ మనిషి, మా నాన్నకంటే కాస్త చిన్నవాడు. మామూలుగా నన్ను మేడం అనేవాడు, కంగారు పుడితే బిడ్డా అనేవాడు. మాకు తుపాకులు ఉండవు. నా దగ్గర లాఠీ, ఆయన దగ్గర ఒక వెదురు కర్ర. అంతే.

ఆ రోజు ఎండాకాలం మొదట్లో, పట్టపగలు. రంపం చప్పుడు విని వాగు వైపు దిగాం. నలుగురు మనుషులు ట్రాక్టర్‌లో టేకు దుంగలు ఎక్కిస్తున్నారు. మా పై అధికారి సెక్షన్ ఆఫీసర్‌కు ఫోన్ చేస్తే బయల్దేరుతున్నామన్నారు. అంతలోనే మమ్మల్ని చూసి ట్రాక్టర్ కదిలించారు. నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

డ్రైవర్ దిగాడు. ఏదో మాట్లాడతాడనుకున్నాను. దిగీ దిగగానే చేతిలోని ఇనుప రాడ్డుతో లచ్చన్నను కొట్టాడు. లచ్చన్న చేయి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆయన పడిపోయాక ఇద్దరు కలిసి డొక్కలో తన్నారు. నేను వాళ్లలో ఒకడి మూతి మీద లాఠీతో కొట్టాను. వాడి పెదవి చీలి రక్తం గడ్డం మీదికి కారింది.

వెనక నుంచి ఎవరో నా జుట్టు పట్టుకుని ట్రాక్టర్ టైరుకేసి మొహాన్ని గుద్దారు. ముక్కు పగిలింది. కిందపడ్డాను. ఒకడు నా మణికట్టు మీద కాలు పెట్టి నొక్కాడు. ఇంకొకడు కడుపులో తన్నాడు. ఊపిరి అందక నోరు తెరిస్తే నోట్లోకి మట్టి వచ్చింది.

"గీమె మన మొఖాలు చూసింది. ఇడిశిపెడితే మన బతుకు జైల్లనే" అని డ్రైవర్ అన్నాడు. గొడ్డలి పట్టుకున్న మనిషి నా దగ్గరికి వచ్చాడు. సన్నగా, నల్లగా ఉన్నాడు. పేరు యాదగిరి అని తర్వాత తెలిసింది.

అప్పుడు నాకూ అతనికీ మధ్య ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది.

ఎటు నుంచి వచ్చిందో చూడలేదు. నలభై దాటి ఉంటాయి. వెలిసిపోయిన ఆకుపచ్చ చీర, మోకాళ్ల కిందికి కట్టింది. రవిక లేదు. నుదుటి మీదా చెంపల మీదా పచ్చబొట్లు. కాళ్లకు చెప్పులు లేవు, మడమలు పగిలి ఉన్నాయి. నేను కింద పడి ఉన్నాను కాబట్టి ఆ మడమలు నా కళ్లకు దగ్గరగా కనిపించాయి.

"జరుగు" అన్నాడు యాదగిరి. ఆమె జరగలేదు. "జరుగుమంటుంటే ఇనపడ్తలేదా!" అని అరిచి గొడ్డలి దించాడు.

మెడకూ భుజానికీ మధ్య తగిలింది. "అవ్వా!" అని ఆమె అరిచింది. దెబ్బ తగిలిన ఏ మనిషి అయినా అరిచినట్టే. పడిపోలేదు. అతను గొడ్డలి లాగి మళ్లీ కొట్టాడు. ఈసారి చేయి వేలాడిపోయింది. మూడోసారి కొట్టేటప్పుడు ఆమె తల తిప్పి నన్ను చూసింది. నేను బతికే ఉన్నానా లేదా అని చూసినట్టుగా. ఏడుస్తోంది. ఆమె రక్తం నా మొహం మీద పడింది. వెచ్చగా ఉంది.

యాదగిరి గొడ్డలి వదిలేసి పెద్దగా కేక పెట్టి పరుగెత్తాడు. అతను అలా పరుగెత్తడం చూసి మిగతావాళ్లూ ట్రాక్టర్ వదిలి పారిపోయారు. "బిడ్డా, లేస్తవా?" అని లచ్చన్న పిలిస్తే అటు చూశాను. మళ్లీ ఇటు తిరిగేసరికి ఆమె లేదు.

సెక్షన్ ఆఫీసర్ వచ్చి మమ్మల్ని కొత్తగూడెం దవాఖానాలో చేర్చారు. అక్కడ నర్సు నా మొహం కడిగింది. నా ముక్కూ పెదవీ తప్ప ఎక్కడా గాయం లేదంది. యూనిఫాం చొక్కా ముందు భాగంలో ముక్కు నుంచి కారిన రక్తం తప్ప మరక లేదు. నేను ఆమె గురించి చెబితే డాక్టర్ ఓపిగ్గా విన్నారు. షాక్‌లో అలా జరుగుతుందన్నారు. నేనూ సరేననుకున్నాను. నిజంగా చెబుతున్నాను, ఆ మాటతో నాకు ఊరట కలిగింది.

మర్నాడు పొద్దున యాదగిరి తనంతట తానే పోలీస్ స్టేషన్‌కు వెళ్లాడు. "ఆడమనిషిని నరికి సంపిన, నన్ను లోపలెయ్యండి" అన్నాడట. ఎస్సై కంగారుపడి వెంటనే దవాఖానాకు ఫోన్ చేశాడు, నేనే చచ్చిపోయాననుకుని. బతికే ఉన్నానని తెలిశాక యాదగిరికి ఆ మాట చెప్పాడు. "మేడం కాదు సార్, ఇంకొకామె. పచ్చబొట్లామె" అని అతను తల కొట్టుకున్నాడట.

ఎస్సై నా దగ్గరికి వచ్చి వాంగ్మూలం తీసుకున్నాడు. యాదగిరి ఏం చెప్పాడో నాకు చెప్పకుండా అడిగాడు. నేను చీర రంగు చెప్పాను, దెబ్బలు ఎక్కడ పడ్డాయో చెప్పాను. ఆయన రాయడం ఆపి నన్ను చూశాడు. యాదగిరి చెప్పిందీ నేను చెప్పిందీ ఒక్కటే.

ఆ తర్వాత నిజంగానే శవం కోసం వెతికారు. పోలీసు కుక్కను తెచ్చారు. వాగు వెంట, పొదల్లో, గుట్ట మీద చూశారు. చుట్టుపక్కల గూడేలన్నీ తిరిగారు. ఎక్కడా ఎవరూ తప్పిపోలేదు. ఆమె నిలబడిన చోట ఎండుటాకుల మీద చుక్క రక్తం లేదు. గొడ్డలి అక్కడే దొరికింది. దాని మీద టేకు పొట్టు ఉంది. రక్తం లేదు.

మిగతా ముగ్గురు పట్టుబడ్డారు. వాళ్లు ఏ ఆడమనిషినీ చూడలేదన్నారు. యాదగిరికి పిచ్చి లేచిందనుకుని భయపడి పారిపోయామన్నారు.

లచ్చన్న కూడా చూడలేదు. ఆయన అదే దవాఖానాలో మగవాళ్ల వార్డులో ఉన్నాడు, విరిగిన చేతికి ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. నేను వెళ్లి అడిగితే చెప్పాడు.

"నాకు మనిషి కనపడలే మేడం. ఆడు ఎవరితోనో జరుగు జరుగు అన్నడు. మీ ముంగట నిలబడి గొడ్డలేసిండు."

"మరి నాకు ఎందుకు తగల్లేదు లచ్చన్నా?"

"గదే నాకు సమజైతలేదు. గాలిని కొడితే గొడ్డలి కిందికి రావాలె గద. రాలే. నడిమిట్ల ఆగింది. ఆడు ఊడబెరుక్కుని మల్ల కొట్టిండు. మల్ల ఆగింది."

ఆ మాట విన్నాక డాక్టర్ ఇచ్చిన ఊరటలో మిగిలిందీ పోయింది.

లచ్చన్న గూడెంలో పెద్దవాళ్లు అది అడవితల్లి అన్నారు. మా అమ్మ దేవుడు పంపిన దూత అంది. చర్చిలో సాక్ష్యం చెప్పమని పాస్టర్ గారు అడిగారు. నేను చెప్పలేదు. దేవతకో దూతకో నొప్పి ఉంటుందా? ఆమెకు నొప్పి పుట్టింది. అది నేను చూశాను. ఒక పేద ఆడమనిషి దెబ్బలు తట్టుకోలేక తల్లిని తలచుకుని ఏడ్చింది. దాన్ని మహిమ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బదిలీ ఇస్తామన్నారు. వద్దన్నాను. ఆ చోటికి చాలాసార్లు వెళ్లాను. ఏమీ కనిపించలేదు, ఏమీ వినిపించలేదు. టేకు చెట్లు, ఎండుటాకులు, వాగు. అంతే.

కేసు వాయిదాలకు వెళుతుంటాను. మా మీద దాడి చేసినందుకు, కలప కొట్టినందుకు కేసు. శవం దొరకలేదు కాబట్టి హత్య కేసు లేదు. ఆమె మాట ఎత్తవద్దని యాదగిరికి అతని వకీలు గట్టిగా చెప్పాడట.

పోయిన వాయిదా రోజు కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాను. బెయిల్ మీద ఉన్న యాదగిరి వచ్చి కొంచెం దూరంగా నిలబడ్డాడు. సగం మనిషి అయ్యాడు. నాతో ఉన్న కానిస్టేబుల్ అతన్ని వెళ్లగొట్టబోతే వద్దన్నాను.

"మేడం, ఆమె దొరికిందా?" అని అడిగాడు.

"లేదు."

"బతికుంటదంటరా?"

ఆ దెబ్బలకు ఎవరూ బతకరని నాకు తెలుసు, అతనికీ తెలుసు. అసలు అక్కడ ఎవరూ లేరని కాగితాలు చెబుతున్నాయి. నన్ను చంపడానికి వచ్చిన మనిషి తప్ప, ఆమె మనిషిగా అక్కడ ఉందని నమ్మేవాళ్లు ఈ లోకంలో నాకు ఇంకెవరూ లేరు.

"తెల్వదు యాదగిరీ" అన్నాను.

అతను గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. "ఏడ్చింది మేడం ఆమె" అన్నాడు.

"అవ్. నేనూ విన్నాను" అన్నాను.

లోపల పేర్లు పిలిచేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.