ఇద్దరు సత్తెమ్మలు

కృపకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చిన్నప్పటి నుంచీ చేతకాదు. ప్రోగ్రాం రాస్తూ రాస్తూ లేచి కిటికీ దగ్గరికి పోతుంది, కింద బజారు చూస్తుంది, మళ్ళీ వచ్చి రెండు లైన్లు కొడుతుంది. తెప్పించుకున్న చాయ్ మీద మీగడ కట్టేదాకా గుర్తుండదు. వనపర్తిలో ఒక మందుల షాపు మీద రెండు గదుల ఆఫీసు అది. యజమాని భానుప్రకాశ్, కృప, ఇంకో ఇద్దరు. అంతకు ముందు మూడేళ్ళు హైదరాబాదులో పనిచేసింది. అక్కడి కంపెనీ సగం మందిని తీసేసినప్పుడు పెట్టె సర్దుకుని వచ్చేసింది. కొత్తకోట పక్కన వాళ్ళ ఊరు. తల్లి రూతమ్మ పత్తి విత్తనాల చేలకు కూలికి పోతుంది. తల్లి చేనుకు, కూతురు బస్సుకు, పొద్దున ఒకే టైముకు ఇంట్లోంచి బయటపడతారు.

ఆఫీసుకున్న పెద్ద పని గద్వాలలో ఒక ట్రస్టు నడిపే కంటి దవాఖానది. దవాఖానవాళ్ళు ఊర్లలో శిబిరాలు పెట్టి కళ్ళు చూస్తారు. వచ్చినవాళ్ళ పేరు, వయసు, చూపెంత, కంట్లో ఒత్తిడి ఎంత, ఆపరేషన్ కావాలా, చుక్కల మందు చాలా, అన్నీ అక్కడికక్కడే ట్యాబ్‌లో ఎక్కిస్తారు. అవన్నీ వచ్చి చేరే డేటాబేస్ కృప చేతిలో ఉంటుంది. అందులోంచి రోజూ ఒక జాబితా తయారవుతుంది. ఆ జాబితా చూసి దవాఖానలో మజీదా అనే ఆమె ఒక్కొక్కరికి ఫోన్ చేసి, ఫలానా రోజు రండి అని పిలుస్తుంది.

ఆగస్టులో దవాఖాన నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. ఒకే మనిషి రెండు మూడు శిబిరాలకు వస్తే రెండు మూడుసార్లు పేరు ఎక్కుతున్నది. ఆపరేషన్ అయిపోయినవాళ్ళకు కూడా రమ్మని ఫోన్లు పోతున్నాయి.

"రెండేసిసార్లు ఉన్న పేర్లన్నీ ఒక్కటి చెయ్యి కృపా. సోమవారం ట్రస్టువాళ్ళు వస్తుండ్రు, చూపించాలె," అన్నాడు భానుప్రకాశ్.

చెప్పినంత తేలిక కాదు. పేర్లు ఎక్కించేవాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు కొడతారు. ఒక్క సత్తెమ్మ పేరే ఆరు రకాలుగా ఉంది. అందుకని కృప ఒక ప్రోగ్రాం రాసింది. పలికితే ఇంటిపేరు, పేరు ఒకేలా ఉండి, భర్త పేరు ఒకటై, ఊరు ఒకటై, వయసులో మూడేళ్ళకు మించి తేడా లేకపోతే ఇద్దరినీ ఒక మనిషి కింద కలిపేస్తుంది. ఇద్దరిలో ఎవరికి ఆపరేషన్ అయి ఉన్నా, కలిసిన పేరు మీద 'అయిపోయింది' అని పడుతుంది. రెండు వందల పేర్ల మీద పరీక్ష చేసింది. ఒక్క తప్పు రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం పాత డేటాబేస్‌ను ఒక పక్కన దాచిపెట్టి, ప్రోగ్రాం నడిపించింది. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. సోమవారం ట్రస్టువాళ్ళు మెచ్చుకుని పోయారు. భానుప్రకాశ్ అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు.

రెండు వారాలు గడిచాయి. ఒకరోజు పదకొండు గంటలకు మజీదా ఫోన్ చేసింది.

"కృపా, నీ కంప్యూటర్‌కు ఏమైందే? ఇటిక్యాల నుంచి ఏసమ్మ అని ఒకామె వచ్చింది. మనం పిలువకున్నా ఆమెనే వచ్చింది, పొరలు తీయించుకోనీకి. నీ దాంట్ల చూస్తే ఆమెకు ఆపరేషన్ అయిపోయినట్టున్నది."

"అయ్యుంటది మజీదక్కా. ఒక కంటికి అయ్యుంటది."

"నా ఎదురుంగనే కూసున్నది తల్లీ. రెండు కండ్లకూ పొర అట్లనే ఉన్నది. ఎవ్వరు ముట్టలే."

కృప ఫోన్ చెవికి పెట్టుకునే దాచిపెట్టిన పాత డేటాబేస్ తెరిచింది. ఇటిక్యాల, ఏసమ్మ అని కొట్టింది. రెండు వరుసలు వచ్చాయి. ఇద్దరి భర్తల పేరూ బాలయ్యే. ఒకామెకు యాభై ఐదు, ఒకామెకు యాభై ఏడు. కొత్తదాంట్లో అదే కొడితే ఒక్కటే వరుస వచ్చింది.

పరీక్ష చేసిన రెండు వందల పేర్లు ఎక్కడివో అప్పుడు చూసింది. అన్నీ వనపర్తి టౌనువి. టౌనులో వాళ్ళకు ఇంటిపేరు రాశారు, ఎవరి ఫోన్ నంబరు వాళ్ళు ఇచ్చారు. ఊర్ల దగ్గర ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. ఫోన్ నంబరు ఉంటే పక్కింటివాళ్ళది, లేకపోతే అదీ లేదు. కృపకు ఏడుపు రాలేదు. తన మీద తనకే మండింది. వాళ్ళ వాడకట్టులోనే ముగ్గురు రూతమ్మలున్నారు. గేటుకాడి రూతమ్మ, మిషన్ రూతమ్మ, తన తల్లి బోరింగు రూతమ్మ. పుట్టినప్పటి నుంచి ముగ్గురినీ ఎరిగిన మనిషి, రాసేటప్పుడు ఒక్క క్షణమన్నా తలుచుకోలేదు.

లేచి భానుప్రకాశ్ గదిలోకి పోయి చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"సరే, మెల్లగ సరిచేద్దాం. ట్రస్టువాళ్ళకు ఇప్పుడే చెప్పకు."

"మెల్లగ గాదు సార్. ఒకరికి ఆపరేషన్ అయిందని ఇంకొకర్ని జాబితాల నుంచి తీసేసినం. పొరలోళ్ళయితే నెల ఆగినా ఏం గాదు. అండ్ల నీటికాసులోళ్ళు కూడ ఉంటరు."

నీటికాసులంటే ఏమిటో ఈ పనిలోకి వచ్చాకే ఆమెకు తెలిసింది. కంట్లో ఒత్తిడి పెరిగి, ఎక్కువమందికి నొప్పి కూడా లేకుండా, చూపును అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందు ఒక్కరోజు ముందు పడితే అంత మేలు.

భానుప్రకాశ్ ఇంకేదో అంటున్నాడు. కృప అప్పటికే బయటికి వచ్చి మజీదాకు ఫోన్ కలిపింది. "అక్కా, తప్పు నాదే. ఎంతమందో చెప్త, ఆగు."

పాత డేటాబేస్‌నూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నూట నలభై జతలు కలిసిపోయి ఉన్నాయి. అన్నీ విడదీయడం పెద్ద పని కాదు. కానీ అందులో చాలామంది నిజంగానే రెండుసార్లు పేరు రాయించుకున్న ఒక్క మనిషే. ఎవరు ఒకరో, ఎవరు ఇద్దరో తేల్చడానికి కంప్యూటర్ దగ్గర ఏమీ లేదు. మనుషులనే అడగాలి. గద్వాల నుంచి మజీదా, వనపర్తి నుంచి కృప, చెరి సగం పంచుకుని ఫోన్లు మొదలుపెట్టారు. పత్తి చేలల్లో విత్తనం కోసం పూలకు పుప్పొడి అద్దే క్రాసింగు పనులు జోరుగా ఉన్న రోజులు. పొద్దున ఎవరూ ఎత్తరు. ఎత్తినవాళ్ళు ముందు అడిగే మాట ఒకటే: "ఏ ఏసమ్మ? కిరాణం పక్క ఏసమ్మనా, పెద్ద దర్వాజ ఏసమ్మనా?" కృప ఫోన్ చెవికి పెట్టుకుని ఆ చివరి గోడ నుంచి ఈ చివరి గోడకు నడుస్తూనే మాట్లాడేది. రెండో రోజుకు తోటివాళ్ళు కుర్చీలు పక్కకు జరిపి ఆమెకు దారి చేశారు.

రెండు రోజుల్లో దాదాపు అందరూ తేలారు. నీటికాసులున్నవాళ్ళు ఐదుగురు జాబితాలోంచి పోయారని తెలిసింది. నలుగురు దొరికారు, వాళ్ళను మర్నాడే రమ్మన్నారు. ఐదో ఆమె సత్తెమ్మ, భర్త శ్రీశైలం, ఊరు ఇటిక్యాల. శిబిరంలో ఎడమ కంట్లో ఒత్తిడి ముప్పై నాలుగు ఉంది, కుడి కంట్లో ముప్పై. ఉండాల్సింది ఇరవై లోపు. వారంలో పిలవాలి అని డాక్టరు రాసింది. శిబిరం అయి ఇరవై రెండు రోజులు. ఇచ్చిన నంబరు స్విచ్ఛాఫ్.

సాయంత్రం దాకా ఆ నంబరు కొడుతూనే ఉంది కృప. మర్నాడు ఆఫీసుకు పోకుండా ఎర్రవల్లి దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో ఇటిక్యాల పోయింది. శ్రీశైలం భార్య సత్తెమ్మ అని అడిగితే ఒక ఇల్లు చూపించారు. నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చున్న ఒకామె ఎదురైంది.

"నాకు ఆపరేషన్ అయింది గద బిడ్డా. నువ్వు అడిగేది నన్ను గాదు, చర్చి ఎనకసొంటి సత్తెమ్మను. వాళ్ళ ఇల్లు చర్చి ఎనకాలనే. మొగుడూ పెండ్లాలు ఊర్ల లేరు. నాగర్‌కర్నూల్‌ల ఏందో ఫంక్షన్ హాలు కడుతుండ్రంట, ఆడ కావలి ఉంటుండ్రు."

"ఏ ఫంక్షన్ హాలు, పెద్దమ్మా?"

"నాకేం తెల్సు? కొత్తది."

ఆటో దొరికేదాకా రోడ్డు మీద నిలబడలేక కృప ఎర్రవల్లి వైపు నడవడం మొదలుపెట్టింది. అటు నుంచి అటే నాగర్‌కర్నూల్ పోదామంటే పొద్దు చాలదు. ఇంటికి వచ్చి, తిన్నదో లేదో తెలియకుండా తిని, తెల్లారి మొదటి బస్సెక్కింది.

నాగర్‌కర్నూల్లో కడుతున్న ఫంక్షన్ హాళ్ళు మూడు దొరికాయి. మూడోదాని ముందు ఒకామె పైపు పట్టుకుని కొత్త గోడకు నీళ్ళు పడుతున్నది. కృప ఆమె ఎడమ పక్కగా పోయి నిలబడి, "సత్తెమ్మంటే నువ్వేనా?" అంది. ఆమె ఉలిక్కిపడి అటూ ఇటూ చూసింది. మనిషి అంత దగ్గరున్నా, తల పూర్తిగా తిప్పితే గాని కృప ఆమెకు కనిపించలేదు.

"నేనే. ఎవరు నువ్వు?"

"కంటి దవాఖాన నుంచి వచ్చిన పెద్దమ్మా. గద్వాలకు పోవాలె, ఇప్పుడే. మీ ఆయనకు చెప్పు."

శ్రీశైలం లోపలి నుంచి వచ్చాడు. ఇనుము లోడు వస్తున్నది, తాను కదలడానికి లేదు, ఆమెను తీసుకుపొమ్మన్నాడు. సత్తెమ్మ చీర మార్చుకుని, ఆధార్ కార్డు వెతుక్కుని వచ్చేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటా కృప ఇసుక కుప్ప చుట్టూ తిరిగింది.

బస్సులో సత్తెమ్మ కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్లు కొట్టి ఇచ్చిపోయాక కృప ఇక ఆపుకోలేకపోయింది.

"పెద్దమ్మా, నిన్ను పిలువకపోవుడు డాక్టర్ల తప్పు గాదు, నా తప్పు. పేర్లన్నీ నేనే చూస్త. మీ ఊర్ల ఇంకో సత్తెమ్మకు ఆపరేషన్ అయితే, ఆమె నువ్వు ఒక్కటే అనుకొని నీ పేరు కొట్టేసిన."

సత్తెమ్మ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. బస్సు బిజినేపల్లి దాటింది.

"ఫోన్ చేస్తమంటిరి," అంది చివరికి. "పక్కింటి పిల్ల నంబరిచ్చిన. ఊర్ల ఉన్నన్ని దినాలు పొద్దుమూకితే పోయి అడుగుతుంటి, వచ్చిందా పిల్లా అని. రాలే. రాలేదంటే నా కన్ను బాగనే ఉన్నదేమో, అందుకే పిలుస్తలేరేమో అనుకున్న. గా ధైర్యంతోనే ఈడికి పనికి వచ్చినం."

కృప ముందు సీటు కడ్డీని పట్టుకున్న చెయ్యి తీయలేదు. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే ఈమె ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది, ఆ బరువు కూడా ఈమె మీదే పెట్టినట్టవుతుంది అనిపించి ఊరుకుంది.

గద్వాలలో డాక్టర్ ఫరా రెండు కళ్ళూ చాలాసేపు చూసింది. ఎడమ కంటి చూపు చాలావరకు పోయిందనీ, అది ఇక రాదనీ చెప్పింది. కుడి కన్ను ఇంకా దక్కుతుంది, చుక్కల మందు ఒక్క పూట కూడా తప్పకూడదు అంది. సత్తెమ్మ మందు వేయించుకోవడానికి పోయాక కృప డాక్టర్ ముందు నిలబడింది.

"మేడం, ఈ ఇరవై నాలుగు రోజుల్లోనే పోయిందా?"

"చాలా మటుకు అంతకు ముందే పోయి ఉంటుంది. ఈ రోజుల్లో ఎంత పోయిందో నేను చెప్పలేను," అంది ఫరా. కేసు కాగితం మూసి, "ఏమీ పోలేదని కూడా చెప్పలేను," అంది.

ఆ మాట కృపతోనే వనపర్తికి వచ్చింది. ఎక్కడ కూర్చున్నా లేపింది. జరిగిందంతా, తన పేరుతో సహా, ట్రస్టుకు ఉత్తరంలో రాసింది. భానుప్రకాశ్ వారం రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. ట్రస్టువాళ్ళు కోప్పడ్డారు గాని పని తీసేయలేదు. కృప ప్రోగ్రాం మార్చింది. ఇప్పుడది ఎవరినీ కలపదు, వీళ్ళిద్దరూ ఒకరేనేమో చూడండి అని అడిగి ఆగుతుంది. అడిగి తెలుసుకున్న మనిషి అవునంటేనే ముందుకు పోతుంది. 'ఊర్ల ఏమని పిలుస్తరు' అని ఒక కొత్త గడి కూడా చేర్చింది.

"గిట్ల ఒక్కొక్కర్ని అడుక్కుంట పోతే ఎప్పటికి అయితది కృపా?" అన్నాడు భానుప్రకాశ్.

"అయినప్పుడే అయితది సార్," అంది కృప, కిటికీ దగ్గరి నుంచి తిరగకుండానే.

నెల తర్వాత సత్తెమ్మ మళ్ళీ చూపించుకునే రోజు కృప సెలవు పెట్టి గద్వాల పోయింది. ఎవరూ రమ్మనలేదు. సత్తెమ్మ భర్తతో వచ్చింది. రెండు పూటలా ఆయనే చుక్కలు వేస్తున్నాడట. కుడి కంట్లో ఒత్తిడి పంతొమ్మిది వచ్చింది. మజీదా ట్యాబ్‌ను కృప చేతికిచ్చి, "నువ్వే ఎక్కియ్యి," అంది.

కృప అంకె కొట్టింది. పేరు చూసింది, ఊరు చూసింది, మళ్ళీ పేరు చూసింది. వేలు బటన్ మీద పెట్టి ఆగిపోయింది.

"పెద్దమ్మా, పేరు చెప్పు."

సత్తెమ్మ బాగున్న కన్ను ఆమె వైపుకు తిప్పింది. "తెల్వదా నీకు?"

"తెల్సు. అయినా చెప్పు."

"సత్తెమ్మ. చర్చి ఎనకసొంటి సత్తెమ్మ," అంది ఆమె, ఒక్కొక్క మాటా విడివిడిగా. తర్వాత భర్త వైపు తిరిగి, "పా, బస్సు పోతది," అంది.