మూడోసారి వచ్చిన తెల్లపువ్వు

మా ఆయన నవనీతకృష్ణన్‌కు చేతిలో సుద్దముక్క ఉంటేనే మాట వచ్చేది. లేకపోతే కాఫీ కావాలన్నా గ్లాసు వైపు చూసేవారు తప్ప నోరు తెరిచేవారు కాదు. చిన్నమనూరులో వాళ్ళకు ద్రాక్షతోట ఉండేది. తోటపని ఆయనకు పట్టలేదు. తుడియలూరుకు వచ్చి ఒక పంపుల కంపెనీలో చేరారు. పంపులో తిరిగే ఇనుప కడ్డీ, షాఫ్టు అంటారు, దాని మందం కొలిచి ఇది పనికొస్తుంది, ఇది రాదు అని చెప్పడం ఆయన పని. ఆ పని చేస్తూనే పోస్టులో చదివి స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ తెచ్చుకున్నారు.

సాయంత్రం అయితే మా అరుగు మీద ట్యూషన్. కాలేజీలో ఆ ఒక్క పేపరు తప్పి, అరియర్ పెట్టుకున్న పిల్లలే ఎక్కువగా వచ్చేవాళ్ళు. వీధిలో ఆయన పేరే అరియర్ వాత్తియార్, అంటే అరియర్ల పంతులు, అయిపోయింది. ఆయన దానికి కోపగించుకోలేదు. "ఆ పేరు ఉంటేదా పిల్లోండ్లు ఇల్లు కనుక్కొని వస్తారు" అనేవారు. మా అరవదేశపు తెలుగులో ఉంటేదా అంటే ఉంటేనే అని.

నేను అయిదో తరగతి దాకా చదివినదాన్ని. వంటింట్లో కూర్చుని వినడమే నా చదువు. ప్రాబబిలిటీ అంటే జరగడానికి ఎంత అవకాశమో చెప్పడం అని నాకు అర్థమైంది. జరిగేదానికి ఒకటి, జరగనిదానికి సున్నా, మిగిలినవన్నీ ఆ రెండింటి మధ్య. పిల్లలకు అది పట్టుబడాలని ఆయన మా ఇంటి సంగతులే లెక్కలుగా చెప్పేవారు. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది మా అత్తగారి పూల లెక్క.

మాలో పూవు అడగడం అని ఒక వాడుక ఉంది. పెళ్ళి సంబంధం, కొత్త బావి, దూర ప్రయాణం, ఏదైనా తేలకపోతే ఆండిపట్టి దగ్గర మా కులదేవత గుడికి పోతాము. ఒక ఆకులో తెల్లపువ్వు, ఒక ఆకులో ఎర్రపువ్వు చుట్టి అమ్మవారి ముందు పెడతారు. ఒక చిన్నపిల్ల చేత ఒక పొట్లం తీయిస్తారు. తెల్లది వస్తే సరే అన్నట్టు, ఎర్రది వస్తే వద్దన్నట్టు. మా అత్త పొన్నమ్మాళ్ మాత్రం ఎర్రది వస్తే, అమ్మవారు సరిగా వినలేదేమో అని మళ్ళీ అడిగేది. మూడుసార్ల దాకా అడిగేది.

"రెండు పొట్లాలు. ఒక తూరి తీస్తే తెల్లది వచ్చే అవకాశం సగం. మూడు తూర్లు తీస్తే ఒక్క తూరైనా తెల్లది వచ్చే అవకాశం ఎంత?" అని ఆయన బోర్డు మీద మూడు పొట్లాలు గీసేవారు. "ఒక్క తూరైనా అని ఎక్కడ కనబడినా నేరుగా పోవద్దు. తిరగేసి చూడండి. మూడూ ఎర్రవే వచ్చేది ఎంత? సగంలో సగంలో సగం. ఎనిమిదిలో ఒకటి. దాన్ని ఒకటిలోనుంచి తీసెయ్. ఏడు బై ఎనిమిది. అంటే మా అమ్మ గుడికి పోయేటప్పుడే ముక్కాలు వంతుకు పైన జవాబు మూటకట్టుకొని పోతుంది."

లోపల పూలు కడుతున్న అత్త ఊరుకునేది కాదు. "ఏమిరా కిట్నా, అమ్మవారిని కూడా బోర్డు మీదికి ఎక్కించేసినావా?"

"నేను ఎక్కించలేదమ్మా. నువ్వుదా ఆమెను మూడు తూర్లు పరీక్షకు కూర్చోబెడతావు. ఈ పిల్లోండ్లకన్నా ఆమెకే అరియర్ జాస్తి."

పిల్లలు పడి పడి నవ్వేవాళ్ళు. మా భువన కూడా గుమ్మంలో నిలబడి నవ్వేది.

భువనేశ్వరి మాకు ఒక్కతే కూతురు. కాలేజీ ముగించిన ఏడాది దానికి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదన్నారు. మాత్రలతో కొన్నాళ్ళు తోయవచ్చు, ఆపరేషన్ అయితే ఇప్పుడే మంచిది, నూటికి తొంభై ఆరుమంది నవ్వుతూ ఇంటికి పోతారు అని డాక్టర్ చెప్పారు. మా ఆయన ఆ మాటను ఇంటికి వచ్చేదాకా బస్సులో తనలో తానే చెప్పుకుంటూ వచ్చారు. తొంభై ఆరు. తొంభై ఆరు అంటే పెద్ద సంఖ్య, జానకీ అని దిగేముందు నాతో అన్నారు.

అత్త మాత్రం పూవు అడగకుండా బిడ్డ మీద కత్తి పెట్టనివ్వనంది. పోయాము. అర్చకుడి మనవరాలు మొదటి పొట్లం తీసింది. ఎర్రది. అత్త మళ్ళీ అడిగింది. మళ్ళీ ఎర్రది. ఎప్పుడూ మూడోసారి అడిగే అత్త ఆ రోజు నోరు తెరవలేదు. పమిట నోటికి అడ్డం పెట్టుకుని భువనను చూసింది.

"ఇంకొక్క తూరి" అన్నది మా ఆయన.

తెల్లపువ్వు వచ్చింది. ఆయన దాన్ని కళ్ళకు అద్దుకున్నారు. పెళ్ళయిన నాటినుంచి ఆయన అలా చేయడం నేను చూడలేదు. "చూడు నాన్నా, ఏడు బై ఎనిమిది ఎప్పుడూ మోసం చేయదు" అని భువన ఆ పువ్వును తన జడలో పెట్టుకుంది.

ఆపరేషన్ బల్ల మీద దాని గుండె మళ్ళీ కొట్టుకోలేదు. ఎవరి తప్పూ లేదన్నారు. ఉండి ఉండకపోవచ్చు. నూటిలో నలుగురు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. ఆ నలుగురిలో ఒకరు మా ఇంట్లో ఉన్నారు.

ఆ తరువాత ఆయన బోర్డును గోడవైపు తిప్పి పెట్టేశారు. పిల్లలు వచ్చి చూసి వేరే ట్యూషన్లకు పోయారు. ఆయన కంపెనీకి పోయేవారు, కొలిచేవారు, వచ్చేవారు. నేను అన్నం పెడితే తినేవారు, మరిచిపోతే అడిగేవారు కాదు.

సంవత్సరీకం అయిన కొన్నాళ్ళకు అభిరామి వచ్చింది. పక్క వీధిలో లేతు మిషను నడిపే ఈశ్వరన్ కూతురు, మా భువనతో బడిలో చదివిన పిల్ల. దానికి స్టాటిస్టిక్స్ ఒక్కటే మిగిలింది. ఒక మిల్లు ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారట, ఈసారి ఆ పేపరు పాసయితేనే.

"మామా, మీరు చెప్పకపోతే నాకు రాదు" అంది అరుగు మీద నిలబడి.

"నేను ఇప్పుడు చెప్పడం లేదు పాపా. వేరే చోట చేరు."

"చేరితిని మామా. ఆ సార్ ఫార్ములా ఇస్తాడు, కారణం ఇవ్వడు. అడిగితే, కారణానికి మార్కు లేదు కూర్చో అంటాడు."

ఆయన పెదవి కొంచెం కదిలింది. అత్త లోపలినుంచి, "చెప్పరా కిట్నా. పావం, ఆడబిడ్డ. ఉత్తగా గోడను చూసుకుంటా కూర్చునేదానికి బదులు ఆ బోర్డునైనా చూడు" అంది. ఆయన లేచి బోర్డును ఇటు తిప్పారు. దాని మీద పాత రాత అలాగే ఉంది. తడిగుడ్డ ఇచ్చాను. చాలాసేపు తుడిచారు.

నార్మల్ కర్వ్ చెప్పేటప్పుడు పాత మనిషి కొంత తిరిగి వచ్చారు. నున్నటి గుట్టలాంటి గీత గీసి, "మా కంపెనీ షాఫ్టుదా తీసుకో. మందం సగటున ఇరవై అయిదు మిల్లీమీటర్లు. అన్నీ అంతే ఉండవు. ఎక్కువ భాగం నడుమ గుంపుగా ఉంటాయి. అటూ ఇటూ పోయేకొద్దీ తగ్గుతాయి. స్టాండర్డ్ డీవియేషన్ సున్నా పాయింట్ సున్నా రెండు. ఇప్పుడు ఇరవై అయిదు పాయింట్ సున్నా నాలుగు కన్నా లావుగా ఉండేవి ఎన్ని?"

"సగటును తీసేసి డీవియేషన్‌తో భాగించాల. జెడ్ రెండు మామా."

"టేబుల్ చూడు."

"పాయింట్ నాలుగు ఏడు ఏడు రెండు. అదే జవాబా?"

"అది నడిమినుంచి ఆ గీత దాకా ఉండే చోటు. నీకు కావలసింది ఆ గీతకు అవతల. గుట్టలో కుడి సగం అంతా పాయింట్ అయిదు. దాంట్లోనుంచి తీసెయ్."

"పాయింట్ సున్నా రెండు రెండు ఎనిమిది. వెయ్యిలో ఇరవై మూడు!" అని అది సంతోషంగా చేతులు తట్టింది. ఆ వెంటనే అడిగింది, "ఆ ఇరవై మూడిటిని ఏం చేస్తారు మామా?"

"తీసి పక్కన పెడతాము" అన్నారు. గుట్ట చివర, గీత నేలకు ఆనీ ఆననట్టు ఉండే చోట ఆయన వేలు ఆగిపోయింది. కాఫీ తెచ్చిన నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. అభిరామి తల వంచుకుంది. అదీ భువనను తలుచుకుందని నాకు తెలిసింది.

పరీక్షకు ముందురోజు సాయంత్రం అది మిగిలిన సందేహాలు అడుగుతూ వచ్చింది. "ఇది ఒక్కటి మామా. కనీసం ఒక్కటైనా అని వచ్చే లెక్క. ఇది ఎట్లా మొదలు పెట్టాల?"

ఆయన సుద్దముక్క బోర్డుకు ఆనించారు. ఒక పొట్లం గీశారు. రెండోది గీశారు. చేయి దిగిపోయింది. "అది వదిలెయ్. ఈ తూరి రాదు."

"రాదా? ఏదీ రాదని చెప్పకూడదని మీరేకదా మామా అనేవారు?"

"రాదంటున్నానుగా. పోదుం, చాలు. పోయి నిద్రపో."

నాకు ఆ లెక్క జవాబు తెలుసు. ఎన్నేళ్ళు విన్నానో. కానీ అంకెలు మారిస్తే ఏం చేయాలో తెలియదు, పిలిచి చెప్పడానికి ఆ దారి విడమరచడం నాకు రాదు. అభిరామి చెప్పులు వేసుకుంటుంటే, బాగా రాయి తల్లీ అని మాత్రం అన్నాను.

ఆ లెక్కే వచ్చింది. తప్పక రాయవలసిన ప్రశ్నగా వచ్చింది. అయిదు విత్తనాలు నాటితే కనీసం ఒక్కటైనా మొలిచే అవకాశం ఎంత అని. అభిరామి నేరుగా పోయి, ఒకటి మొలిస్తే, రెండు మొలిస్తే అని రాస్తూ పోయి, చిక్కుపడి, టైము పోగొట్టుకుంది. కొన్ని మార్కులు తక్కువై తప్పింది. మిల్లువాళ్ళు ఇంకొకరిని తీసుకున్నారు.

ఆ మాట చెప్పడానికి అదే వచ్చింది. వాళ్ళ నాన్న వస్తే గొడవ అవుతుందని కాబోలు. ఇప్పుడు ఇంకో పంపుల కంపెనీలో ప్యాకింగులో చేరిందట. చేతులకు అట్టపెట్టెల గీతలు పడి ఉన్నాయి.

"నవంబర్‌లో మళ్ళీ రాస్తా మామా. మీరేం మనసులో పెట్టుకోవద్దు. ఎవరికి తెలుసు అది వస్తాదని?"

ఆయన లేచి బోర్డు దగ్గరికి పోయి మూడు పొట్లాలు గీశారు. మూడూ గీశారు. "మూడూ ఎర్రవే వచ్చేది ఎనిమిదిలో ఒకటి. ఒకటిలోనుంచి తీసేస్తే ఏడు బై ఎనిమిది. నీ విత్తనాలదీ ఇదే దారి. ఏదీ మొలవనిది కనుక్కొని ఒకటిలోనుంచి తీసెయ్." అభిరామి రాసుకుంది. ఆయన ఆగలేదు. "ఈ పూల లెక్క ఇన్నేండ్లు తప్పు చెప్తా వచ్చినాను."

పూలు కడుతున్న అత్త చేతులు ఆగాయి. "ఏడు బై ఎనిమిదే కదరా? నాకే తెలుసే."

"మూడుతో నిలిపేవాళ్ళకు అమ్మా అది. మూడోది కూడా ఎర్రది వచ్చుంటే మనము నిలిపుందుమా?"

అత్త కడుతున్న దండను పక్కన పెట్టింది.

"నాలుగోది అడిగుందును. అయిదోది అడిగుందును. తెల్లది వచ్చేదాకా ఆ పిల్ల చేత తీయిస్తానే ఉందును. అట్లా అడిగేవానికి తెల్లది రాకుండా ఎట్లా పోతాది?" ఏడు బై ఎనిమిదిని కొట్టేసి దాని కింద ఒకటి వేశారు. "దీనికి జవాబు ఒకటి. అమ్మవారు మాకు ఏమీ చెప్పలే. మేముదా చెప్పించుకున్నాము."

అభిరామి నా వైపు చూసింది. చిన్న గొంతుతో అడిగింది, "పరీక్షలో ఏది రాయాల మామా?"

"ఏడు బై ఎనిమిది రాయి. పరీక్షలో మూడుసార్లతో నిలుపుతారు."

అది పుస్తకం మూసుకుంది. రేపు షిఫ్టు ముగించుకుని వస్తానంది. గేటు దాకా పోయి సాగనంపి వచ్చేసరికి ఆయన ఇంకా బోర్డు ముందే ఉన్నారు. తుడవడానికి తడిగుడ్డ అందించాను. తీసుకున్నారు. తుడవలేదు. గుడ్డలోని నీళ్ళు ఆయన పాదాల మీద చుక్కలు చుక్కలుగా పడుతుంటే ఇద్దరమూ అలాగే నిలబడ్డాము.