ఆ ఎనిమిది కిలోమీటర్లు ఎవరివి?

జెసాంగ్‌కి ఒలింపిక్ పతకం వస్తుందా అని ఆ ఏడాది మా ఊరు ఇటెన్‌లో ఎవరిని అడిగినా నవ్వేవారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేను. ఆరేళ్ళుగా రోజూ ఆమెకు రెండడుగుల ముందు పరుగెత్తింది నేనే కాబట్టి, టీకొట్టులో నా నవ్వుకు విలువ ఎక్కువ.

మా దగ్గర ఆడవాళ్ళ సాధనలో ముందు ఒక మగవాడు పరుగెత్తుతాడు. వేగం పట్టేది అతను, ఎదురుగాలి మొహాన కొట్టించుకునేది అతను. నా పేరు కిబోర్. మారథాన్ రెండు గంటల పదకొండు నిమిషాల్లో పూర్తి చేసినవాణ్ణి. ఇంకో దేశంలో అయితే ఊరేగించేవారు. ఇటెన్‌లో రాయి విసిరితే నాలాంటివాడికే తగులుతుంది. జెసాంగ్‌ది రెండు గంటల ఇరవై రెండు. నాకన్నా పదకొండు నిమిషాలు వెనక! ఒలింపిక్స్‌కి మాత్రం ఆమె. ఆడవాళ్ళ పందెం వేరని నాకు తెలియదా? తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందా?

పోనీ మహా గొప్పదా అంటే అదీ కాదు. కింద కెరియో లోయ నుంచి వచ్చిన మనిషి. ఇద్దరు పిల్లలు పుట్టాక, ఎవరో పారేసిన బూట్లతో పరుగు మొదలుపెట్టింది. జట్టులోకి వెళ్ళాల్సిన అమ్మాయికి మడమ విరిగితే ఆ ఖాళీలో ఈమెను వేశారు. పందెంలో దిగేవాళ్ళ పట్టిక వేగం వరసలో తీస్తే ఈమె పేరు ఇరవై మూడోది.

దేశం పేరున్న కోటు వచ్చిన రోజు తెల్లారే తెచ్చి నా ముందు పెట్టింది.

"అన్నా, ఒక్కసారి నువ్వు తొడుక్కో. తర్వాత నేను వేసుకుంటా."

"నాకెందుకమ్మా? చలేం లేదుగా," అన్నాను. చలికి నా పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఆమె కోటు మడిచి సంచిలో పెట్టుకుని, "సరే, పద అన్నా," అంది.

ప్రయాణానికి మూడు వారాల ముందు మొయిబెన్ దారిలో ఆఖరి పెద్ద పరుగు, ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. కోచ్ చెబోయి పెద్దాయన వ్యానులో నీళ్ళ సీసాలతో ముప్పై దాకా మా పక్కనే వచ్చాడు. ఆ తర్వాత దారంతా బురద. వ్యాను దిగబడుతుందని చుట్టూ తిరిగి గమ్యం దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆరోజు నా బుద్ధి గడ్డి తిన్నది. ఇరవై దాటగానే వేగం పెంచాను. ఈ రోజు దీని సంగతి తేల్చాలి, ఆయాసపడి "అన్నా, నా వల్ల కాదు" అనాలి, ఆ మాట నేను వినాలి. అదొక్కటే నా కోరిక. వెనక ఆమె అడుగుల చప్పుడు తగ్గలేదు. ఇంకా పెంచాను. ముప్పై ఒకటి దగ్గర మాట రానే వచ్చింది, నా లోపల్నుంచే. పిక్కలు రాళ్ళయ్యాయి. ముప్పై ఎనిమిదేళ్ళ మోకాలు ఇక చాలంది.

జెసాంగ్ పక్కకు వచ్చింది. "గాలి ఎక్కువగా ఉందన్నా. నా వెనక్కి రా," అని ముందుకు వెళ్ళింది.

ఆమె పరుగును వెనక నుంచి చూడటం నాకదే మొదలు. ఆ బురదలో, ఆ ఎక్కుడు దారిలో, భుజం కదలకుండా వెళ్ళిపోతోంది. ఇలా పరుగెత్తే మనిషినా నేను ఆరేళ్ళు వెనక పెట్టుకుని తిరిగాను? ఏడుపొచ్చింది. మెచ్చుకోలు కాదు, అచ్చమైన అసూయ. చూస్తుండగానే మా మధ్య రెండు వందల మీటర్లు తేడా వచ్చింది.

చివరి మలుపు దగ్గర ఆమె ఆగి ఉంది. పెద్దాయన ముందు నా పరువు పోకూడదని నిలబడింది మహాతల్లి. ఇద్దరం పక్కపక్కనే గమ్యం చేరాం.

పెద్దాయన గడియారం చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "ఈ బురదలో చివరి ఎనిమిదీ ఇరవై ఏడు నిమిషాలా? కిబోర్, నిజం చెప్పు. లాగిందెవరు? ఈ పిల్లే అయితే అక్కడ ఒలింపిక్స్‌లో ముప్పై నాలుగు దగ్గరే అందర్నీ వదిలేసి వెళ్ళిపొమ్మంటాను. నువ్వయితే చివరిదాకా గుంపులోనే దాక్కోమంటాను. చివర్లో ఉరికే పరుగు దీనికి లేదు, ఏమవుతుందో మరి."

జెసాంగ్ నావైపు చూసింది. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నోరు తెరిచే మనిషి కాదు.

"నేనేనయ్యా," అన్నాను. "నేను లాగితేనే కదిలింది."

ఆమె తల వంచుకుని బూటు తాడు విప్పుకుంది.

పందెం రోజు టీకొట్టులో టీవీ ముందు కాలు పెట్టే చోటు లేదు. ముప్పై నాలుగు వచ్చింది. జెసాంగ్ గుంపులోనే ఉంది. ముప్పై ఆరు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే రాలిపోతున్నారు, ఈమె మొహంలో మాత్రం అలసటే లేదు. "వెళ్ళవే, వెళ్ళు!" అని నేనే అరిచాను. నలుగురు మిగిలారు. ఆఖరి మూడు వందల మీటర్లలో ముగ్గురు ఉరికారు. ఈమె నాలుగో మనిషి. పతకానికి ఐదు సెకన్లు తక్కువ.

"చూశారా, కిబోర్ ముందే చెప్పాడు!" అని ఒకడు నా వీపు మీద చరిచాడు. "ఎదుట మగాడు లేకపోతే ఆ పిల్ల కదల్లేదని చెప్పాడా లేదా?" అన్నాడు ఇంకొకడు. అబద్ధమెందుకు, మొదట ఒక్క క్షణం హాయిగానే అనిపించింది. తర్వాత కూర్చోలేక బయటికి వచ్చేశాను.

పతకం తెచ్చినవాళ్ళకు విమానాశ్రయంలోనే సొరబుర్రతో పుల్లటి పాలు తాగిస్తారు. నాలుగోవాళ్ళకు ఎవరు ఎదురెళతారు? ఆమె మామూలు బస్సులో వచ్చింది. మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. పెరట్లో ఆవుకు మేత వేస్తోంది.

"జెసాంగ్, ఆరోజు పెద్దాయనతో నేను..." అని మొదలుపెట్టి ఆగిపోయాను.

"దాని గురించే అనుకున్నానన్నా, ముప్పై ఆరు దగ్గర," అంది మేత సర్దుతూ. "కాళ్ళలో బలం ఉంది. వెళ్ళిపోదామనిపించింది. కానీ, లాగింది నేనని తెలిసి కూడా అన్న అలా ఎందుకు చెప్పాడు? నాకు తెలియని లోపమేదో నాలో చూసే ఉంటాడు, నా మంచికే చెప్పి ఉంటాడు అనుకున్నా. అందుకే ఆగిపోయా."



చేతులు దులుపుకుని దగ్గరికి వచ్చింది. "ఇప్పుడైనా చెప్పన్నా, దిద్దుకుంటాను. ఏమిటా లోపం?"