అరమార్కు

ఆస్ట్రేలియాలోని బెండిగో ఊళ్ళో మేవ్ సొంతంగా బీరు కాచి అమ్మే పబ్బులో కిటికీ పక్క కుర్చీ క్లైవ్‌ది. ముందు గ్లాసుని వెలుతురుకెత్తి చూస్తాడు. ముక్కుకి నురగ అంటుకునేదాకా వాసన పీలుస్తాడు. తర్వాత ఒక్క గుటక నోట్లో తిప్పి తిప్పి, సంబంధం నచ్చని మేనత్తలా పెదవి విరుస్తాడు. "చివర్లో నారింజ తొక్క చేదు తగిలింది" అని ఫోన్లో రివ్యూ రాసి, అయిదుకి నాలుగున్నర వేస్తాడు. ఇంతవరకూ ఏ బీరుకీ అయిదు వెయ్యలేదు.

"ఆ అరమార్కు ఎక్కడ దాచుకుంటావయ్యా?" అంటుంది మేవ్.

మొన్న ఫిబ్రవరిలో, అక్కడి నడివేసవి ఎండలో, పబ్బు వెనక కూలిన కంచెకి గుంజలు పాతడానికి సాయం వెళ్ళాడు. మధ్యాహ్నానికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మేవ్ తను కొత్తగా కాచిన బీరు చల్లటి డబ్బాలో తెచ్చిచ్చింది. ఎత్తిన డబ్బా దించకుండా గటగటా లాగించాడు.

"ఎన్ని మార్కులు?" మేవ్ ఆత్రంగా అడిగింది.

క్లైవ్ డబ్బాలోకి తొంగి చూశాడు. తలకిందులు చేసి కుదిపాడు. ఒక్క చుక్కా రాల్లేదు.

"రుచి చూళ్ళేదు మేవ్. తాగేశాను."

సాయంత్రం పబ్బు ముందు పలక మీద మేవ్ సుద్దతో రాసింది: "కొత్త బీరు. క్లైవ్ తాగేశాడు."

ఈసారి సరిగ్గా రుచి చూద్దామని క్లైవ్ స్నానం చేసి వచ్చేసరికి, పలక చూసి ఎగబడ్డ జనం దెబ్బకి పీపా ఖాళీ.