తంగమ్మక్క వంకాయ పులుసు, ఇరవైనలుగురికి

నువ్వుల నూనెలో మెంతులు ఎర్రబడి, చిన్న ఉల్లిపాయలు పడగానే వచ్చే వాసనకు ఇప్పటికీ నా చూపు గోడ గడియారం మీదికి పోతుంది. ఈ ఉదయమూ పోయింది. వంట నలుగురికే, తొందరేమీ లేదు. అయినా తంగమ్మక్క ఇంట్లో ఆ ఆదివారం పట్టిన దడ మళ్లీ పట్టింది.

డెబ్బైల్లో గుణదలలో మాదీ వాళ్లదీ ఒకే పెంకుటింట్లో రెండు వాటాలు. నాకు పెళ్లై రెండేళ్లు. తంగమ్మక్కది మదురై వైపు. లారీ తోలే భర్త నడుము విరిగి మంచం పట్టాక, ఇంట్లోనే భోజనాలు పెట్టి బతకాలనుకుంది. కాలువ వంతెన పనికి తమిళ తాపీపనివాళ్లు ఇరవైనలుగురు వచ్చి ఉన్నారు. ఒక ఆదివారం తిని చూస్తామని, నచ్చితే పని అయ్యేదాకా అక్కడే తింటామని వాళ్ల మేస్త్రీ అన్నాడు. ఆ ఇంటికి ఆ ఒక్క పూటే ఆధారం. సరిగ్గా ముందురోజు గంజి వారుస్తూ అక్క కుడిచెయ్యి కాల్చుకుంది.

వాళ్ల ఊరి ఎణ్ణెయ్ కత్తిరిక్కాయ్ కుళంబు, అంటే నూనెలో మగ్గిన లేత వంకాయలతో చేసే చిక్కటి చింతపండు పులుసు, అప్పటికి ఆర్నెల్లుగా నాకు నేర్పుతోంది. ఆమె ‘ఇంత’, ‘కొంచెం’ అంటే నాకు తృప్తి ఉండేది కాదు. ఆమె చేతిలోది గ్లాసుతోనూ చెంచాతోనూ కొలిచి గుర్తుపెట్టుకునేదాన్ని. నా చదువు ఐదో తరగతితో ఆగింది. త్రైరాశికం తమ్ముడి పుస్తకం చూసి నాకు నేనే నేర్చుకున్నాను. ఆ ధీమాతోనే, “నేను వండుతానక్కా. నలుగురి కొలతకు ఆరు రెట్లు, అంతేగా” అన్నాను.

“నీళ్లు మాత్రం చూసి పొయ్యి రత్నా.”

“చూసేదేముందక్కా, మూడార్లు పద్దెనిమిది.”

“వంకాయలకు ఎక్కాలు వచ్చా టీచరమ్మా?” అని నవ్వి, ఆయనకు మందు ఇవ్వడానికి ముందుగదిలోకి వెళ్లింది.

లోతైన పెద్ద డేగిసాలో డెబ్బైరెండు వంకాయలు నూనెలో మగ్గాయి. ఉప్పు, కారం, చింతపండు గుజ్జు వేసి పద్దెనిమిది గ్లాసులూ పోశాను. అరగంట ఉడికినా పులుసు చారులాగే ఉంది. ఇంకా ఉడికిస్తే కాయలు విడిపోతాయి, దించితే నీళ్లు. మేస్త్రీ పన్నెండింటికి వస్తానన్నాడు.

అక్క వచ్చి గరిటె తిప్పింది. నా వంక చూడలేదు. “ఏమండీ, టైమెంత?” అని ముందుగదిలోకి అడిగింది.

“పదకొండుంబావు. ఏమైంది?”

“ఏం కాలేదు, పడుకోండి.” తర్వాత గొంతు తగ్గించి నాతో అంది: “కాయలు తీసెయ్యి. చితక్కుండా.”

“నీళ్లు ఎక్కువైపోయాయక్కా.”

“కనిపిస్తోందిలే. ఏడుపు తర్వాత, కాయలు ముందు.”

చిల్లుల గరిటెతో ఒక్కొక్కటే పళ్లాల్లోకి తీశాను. మూడు చితికాయి. పులుసు రెండు వెడల్పాటి గిన్నెల్లో పంచి, వాళ్ల పొయ్యి మీద ఒకటి, మా పొయ్యి మీద ఒకటి పెట్టి కట్టెలు ఎగదోశాం. ఎడమచేత్తో ఆమె ఒకటి కలిపింది, రెండోది నేను. అలా కలుపుతుంటే నాకు తట్టింది. ఆవిరయ్యే నీళ్లు తినేవాళ్ల లెక్కన పోవు, గిన్నె మూతిని బట్టి, మంటను బట్టి పోతాయి. నలుగురి గిన్నెలో అరగంటకు సగం నీళ్లు ఎగిరిపోయేవి. ఆ పెద్ద డేగిసాలో వాటికి దారే లేదు. కొబ్బరి ముద్ద కలిపి, కాయలు మళ్లీ వేసి, నూనె పైకి తేలేసరికి వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

మేస్త్రీ మొదటి ముద్ద తిన్నాడు. అక్క చేతికట్టు చూసి తమిళంలో ఏదో అడిగాడు. ఆమె నన్ను చూపించింది. అతను ఇంకో రెండు ముద్దలు తిన్నాడు. మిగిలినవాళ్లు అతని ముఖం చూస్తున్నారు. “ఇన్నుం కొంజం” అన్నాడు. ఇంకొంచెం అని. ఆ మాట నాకు అప్పటికే వచ్చు.

మర్నాటి నుంచి వస్తామని చెప్పి వాళ్లు వెళ్లాక, ఇక తిట్లు నాకే అనుకుని అంట్లు ముందేసుకుని కూర్చున్నాను.

“రేపటికి బియ్యమెంతో లెక్క చెప్పు,” అంది అక్క.

“నన్నే అడుగుతున్నావా?”

“ఇంకెవర్ని అడగను, ఇరవైనాలుగో ఎక్కం నాకు రాదుగా. పులుసూ నువ్వే పెట్టు. నీళ్లు మాత్రం కళ్లతో పొయ్యి.”

ఆ పద్దెనిమిది గ్లాసుల సంగతి ఆమె ఆ తర్వాత ఎవరి దగ్గరా ఎత్తలేదు. నేను పచ్చళ్ల షెడ్డు పెట్టి పదిమందితో పని చేయించే రోజులొచ్చాకగాని, తప్పు చేసిన మనిషికే మర్నాడు అదే పని అప్పజెప్పడం ఎంత కష్టమో తెలియలేదు. చాలాసార్లు చేయగలిగాను. రెండుసార్లు చేయలేక మనుషుల్ని పంపించేశాను. ఆ ఇద్దరి పేర్లూ నాకు గుర్తున్నాయి.