భాగ్య నొక్కిన నంబరు

ఈ మాట ఇన్నేళ్ళు లోపల పెట్టుకొని ఎలా తిరిగానో నాకే తెలియదు. చెప్పాలనుకున్న ప్రతిసారీ గొంతు దాకా వచ్చేది. అక్కడ ఏదో ఒక సాకు దొరికేది. మళ్ళీ లోపలికి పోయేది. అన్నం తింటున్నప్పుడు, ఎవరైనా నన్ను మెచ్చుకుంటున్నప్పుడు అది కదులుతుంది. మెచ్చుకుంటున్నప్పుడే ఎక్కువ. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. ఇంకేమీ మార్చలేదు.

పావగడ బజారులో మా నాయనకు స్టీలు సామాన్ల అంగడి ఉండేది. తుమకూరులో బీసీఏ చదివి, బెంగళూరులో ఉద్యోగం దొరక్క తిరిగొచ్చి, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న రోజులవి. తిరుమణి పక్క సోలార్ ప్లాంట్లు లేస్తున్నాయి. ఎక్కడెక్కడి వాళ్ళో ఊళ్ళోకి వస్తున్నారు. అంగడికొచ్చి గిన్నెలు కొనేవాళ్ళ కంటే వివరాలు అడిగేవాళ్ళే ఎక్కువ. నాగలమడికకు బస్సు ఎప్పుడు, బోరు మోటారు బాగుచేసేదెవరు, ఆసుపత్రికి పోవాలంటే బండి ఎవరిది. నాయన విసుక్కోకుండా అందరికీ చెప్పేవాడు. ఇవన్నీ ఒక వెబ్‌సైటులో పెడితే అని నాకు తోచింది.

నిజానికి నాకు రాదు. పరీక్షల కోసం చదివానే గాని, పదిమందికి కనిపించేలా ఒక్క పేజీ పెట్టినదాన్ని కాదు. వీడియోలు చూసి నేర్చుకున్నాను. ముందు సైటుకో పేరు కొనుక్కోవాలి. అది ఉండటానికి ఇంటర్నెట్‌లో చోటు బాడుగకు తీసుకోవాలి. తర్వాత ముందే తయారై ఉన్న టెంప్లేటు తెచ్చి, అందులో ఉన్న ఉత్తుత్తి మాటలు తీసేసి మన మాటలు నింపాలి. ఎన్నిసార్లు చెడగొట్టానో. మొదటిసారి నా ఫోనులో ఆ పేరు కొట్టగానే మా కొండ ఫోటో, దాని కింద ‘పావగడ’ అనే అక్షరాలు కనిపించినప్పుడు, అంగట్లో గిరాకీలు ఉన్నారన్న ధ్యాస కూడా లేకుండా పెద్దగా నవ్వేశాను.

పల్లెల వివరాలు మాత్రం నాకు తెలియవు. అవి చెప్పింది భాగ్య. తిరుమణి దగ్గరి ఒక పల్లె నుంచి పీయూసీ, అంటే ఇంటరు, చదవడానికి పావగడ వచ్చేది. వాళ్ళ నాయన అంజినప్ప మా అంగడికి పాత గిరాకీ. పొలంలో సగం సోలార్‌కు లీజుకిచ్చి, మిగిలిన దాంట్లో చెనిక్కాయ, అదే వేరుశనగ, వేసుకునేవాడు. బస్సు వచ్చేదాకా భాగ్య మా అంగట్లో కూర్చునేది. ఆమె చెప్పేది, నేను టైపు చేసేదాన్ని. ఏ ఊళ్ళో కరెంటు పని తెలిసినవాళ్ళున్నారు, ఎవరికి ట్రాక్టరు ఉంది, మంత్రసాని ఎవరు. తిరుమణి పేజీ అంతా ఆ పిల్ల చెప్పిందే. ఒక్క నంబరు తప్ప.

ఆ పక్క జబ్బుపడ్డవాళ్ళను ఆసుపత్రికి చేర్చే వ్యాను నాగరాజు అనే ఆయనది. ఆయన అప్పుడే సిమ్ము మార్చాడు. కొత్త నంబరు భాగ్యకూ తెలియదు. నేను కనుక్కుంటానన్నాను. ఈలోగా పేజీ ఎలా కనిపిస్తుందో చూడాలి కదా, ఆ ఖాళీలో ఏదో ఒక నంబరు ఉండాలి. తుమకూరులో చదివేటప్పుడు వాడి వదిలేసిన నా పాత నంబరు కొట్టాను. చేతికి అలవాటైన నంబరు. తర్వాత మార్చొచ్చు అనుకున్నాను.

ఇంతలో బజారు అంగళ్ళవాళ్ళ మీటింగులో సైటు చూపించమన్నారు. ఆ హడావుడిలో అలాగే పబ్లిష్ నొక్కేశాను. శాలువా కప్పారు. వెనక వరుసలో నిలబడి భాగ్య కూడా చప్పట్లు కొట్టింది. ఆ నంబరు సంగతి నేను మరిచిపోయానా? ఇన్నేళ్ళూ మరిచిపోయాననే చెప్పుకున్నాను. కాదు. ఆ చప్పట్ల మధ్యనే గుర్తొచ్చింది. రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆ రేపు, ఆ తర్వాత ఎన్నో రేపులు, ఎంతమంది సైటు చూస్తున్నారో లెక్క చూసుకొని మురిసిపోవడంలోనే గడిచిపోయాయి.

చెనిక్కాయలు పీకే కాలం. ఒక పొద్దున అంజినప్ప పక్కింటి ఈరన్న మా అంగడి ముందు బైకు ఆపి నాయనతో చెప్పాడు. ముందురోజు మధ్యాహ్నం చేనులో అంజినప్పకు పాము కరిచింది. సర్కారు అంబులెన్సు వేరే పేషెంటుతో తుమకూరు దారిలో ఉంది. భాగ్య మా సైటు తెరిచి వ్యాను నంబరుకు చేసింది. ఎన్నిసార్లు చేసినా ఆ నంబరు లేదనే వచ్చింది. చివరికి ఈరన్నే అంజినప్పను తన బైకు మీద కూర్చోబెట్టి, వెనక ఇంకొకడు పట్టుకోగా పావగడకు తెచ్చాడు. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్ళమని డాక్టరు అన్నాడట.

నాయన నా వైపు తిరిగాడు. “నంబరు సరిగానే ఉండాదే,” అన్నాను. ఎవరూ నన్ను అడగకముందే అన్నాను.

లోపలికి పోయాను. వ్యాన్ల స్టాండు వాళ్ళను ఫోనులో అడిగి నాగరాజు నంబరు తీసుకొని, ఆయనకు ఫోను చేశాను. ముందురోజు మధ్యాహ్నమంతా ఎక్కడున్నావని అడిగాను. తిరుమణి క్రాసులోనే ఉన్నానన్నాడు. బాడుగ లేక వ్యానులో పడుకున్నాడట. నేను ఫోను పెట్టేసి, సైటు తెరిచి, నా పాత నంబరు చెరిపి ఆయన నంబరు పెట్టాను. ఎంతో సేపు పట్టలేదు. ఆ పనికి ఎప్పుడూ ఎంతో సేపు పట్టేది కాదు. ఆ తర్వాత తల దువ్వుకొని, నాయనతో కలిసి చావింటికి పోయాను. ముందు నంబరు మార్చాను, తర్వాతే ఏడుపు వచ్చింది. ఈ వరుస నేను మరిచిపోలేను.

అక్కడ అంజినప్ప భార్య రంగక్క కూతురి వైపు చూడటం లేదు. చదువుకునే బిడ్డ అని ఫోను చేతికిస్తే ఒక నంబరు కలపలేకపోయిందని వచ్చినవాళ్ళందరికీ చెప్పి ఏడుస్తోంది. భాగ్య గోడకు ఆనుకొని కూర్చుంది. నన్ను చూసి లేచి, చెయ్యి పట్టుకొని దొడ్లోకి తీసుకుపోయింది.

“అక్కా, ఆ నంబరు ఒకసారి చూపిచ్చు.”

చూపించాను. పెదాలతో ఒక్కొక్క అంకె చదువుకుంది.

“అప్పుడూ ఇదేనా ఉన్నింది?”

“ఇదే.”

“నా ఫోనులో కాల్ చేసేకి బ్యాలెన్సు లేకపాయ. నా దాంట్లో సైటు చూసి, అమ్మ ఫోనులో నొక్కినా. ఇది మాదిరి లేదక్కా ఆ నంబరు. వేరేగా ఉన్నట్ల గుర్తు నాకు.”

“భయంలో ఉంటివి కదమ్మా. తప్పు నొక్కింటావు.”

“అన్నిసార్లూనా?”

జవాబు నాకు వెంటనే దొరికింది. ఎంత సులువుగా దొరికిందో. “మొదటిసారి తప్పు నొక్కింటావు. ఆ తర్వాత మళ్ళా మళ్ళా దానికే కొట్టింటావు. అది అదే తప్పు నంబరుకు పోతా ఉంటాది.”

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. నాకు కంప్యూటర్లు తెలుసు. నాకు ఫోన్లు తెలుసు. నేను చెప్తే అది నిజమే అయ్యుండాలి.

“అట్లయితే మా నాయన్ని నేనే...” అని ఆగిపోయింది.

కాదు అని అనడానికి అప్పుడు కూడా సమయం ఉంది. నేను ఆమె తల నిమిరాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. అది ఇంకా నీచమైనది. రంగక్కది కీప్యాడ్ ఫోను. అందులో ఆ నంబరు ఇంకా ఉంటుందేమోనని నాకు భయం పట్టుకుంది. చుట్టాలెవరికో చెప్పాలన్న నెపంతో ఆ ఫోను అడిగి తీసుకున్నాను. చావు కబురు చెప్పడానికి చేసిన ఫోన్లతో అందులోని కాల్ లిస్టు నిండిపోయింది. ముందురోజు చేసినవన్నీ పోయాయి. అప్పుడు నాకు సంతోషం కలిగింది. ఆ ఇంట్లో, ఆ ఏడుపుల మధ్య, నాకు సంతోషం కలిగింది.

భాగ్య మళ్ళీ కాలేజీకి రాలేదు. కొన్నాళ్ళకు సోలార్ ప్లాంటులో పలకలు కడిగే పనికి చేరిందని ఈరన్న చెప్పాడు. రంగక్క కూతురి చేతికి ఫోను ఇవ్వడం మానేసిందని కూడా చెప్పాడు. నేను వాళ్ళ ఊరికి పోవడం తగ్గించాను. పని ఎక్కువైంది అనుకునేదాన్ని. నిజంగానే ఎక్కువైంది. ఆ సైటు చూసి ఇద్దరు ముగ్గురు అంగళ్ళవాళ్ళు తమకూ చేయమన్నారు. ఆ తర్వాత కల్యాణ మంటపం వాళ్ళు, స్కూలు వాళ్ళు. ఇప్పుడు అంగడి మేడ మీద నాకో ఆఫీసు ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు వస్తారు. వాళ్ళకు మొదటి రోజే చెప్తాను, పబ్లిష్ చేసేముందు ఉత్తుత్తి పేర్లు, ఉత్తుత్తి నంబర్లు ఏవీ మిగలకుండా చూసుకోండి అని. ఎప్పుడైనా అలా మిగిలిపోయిందా మేడమ్ అని ఒకమ్మాయి అడిగింది. లేదన్నాను.

వ్యాను వచ్చినా అంజినప్ప బతికేవాడు కాదేమో. ఎన్ని ఏళ్ళు ఈ మాట పట్టుకొని వేలాడానో. కావచ్చు. అది ఎవరూ చెప్పలేరు. కాని ఆ దొడ్లో నేను చెప్పిన అబద్ధానికి ఆ మాట ఎలా జవాబవుతుంది? నంబరు మార్చకపోవడం బద్ధకం. పదహారు పదిహేడేళ్ళ పిల్లకు తండ్రి చావును అంటగట్టి ఇంటికి రావడాన్ని ఏమనాలి? నా పేరు పోతుందని భయపడ్డానా? అప్పటికి నాకున్న పేరు ఎంత? ఒక శాలువా.

ఈమధ్య భాగ్య నా ఆఫీసుకు వచ్చింది. పక్కన వాళ్ళ ఊరామె ఇంకొకతె ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు కొందరు కలిసి చెనిక్కాయల పొడి చేసి అమ్ముతున్నారట. వాళ్ళకో వెబ్‌సైటు కావాలి. భాగ్యే ఆమెను నా దగ్గరికి తెచ్చింది. “మా అక్క బాగా చేస్తుంది,” అంది. ఎండకు నల్లబడింది, గొంతు పెద్దదైంది. నవ్వు మాత్రం అదే. పేరు, ఊరు, ఫోటోలు అన్నీ తానే చెప్పింది. ఫోను నంబరు అడిగేసరికి పక్కనామె వైపు తిరిగింది.

“నువ్వు చెప్పక్కా. నంబర్లు నేను చెప్పను. నా చెయ్యి మంచిది కాదు.”

మామూలుగా అంది. ఎన్నోసార్లు అని అలవాటైన మాటలా ఉంది. నేను నోరు తెరిచాను. టీ తాగుతారా అని అడిగాను. తాగి వెళ్ళిపోయారు.

ఆమెకు చెప్పాలి. చెప్తానో లేదో నాకు తెలియదు. మీకు మాట ఇచ్చి తప్పడం నాకిష్టం లేదు. ఈ ఒక్కటి మాత్రం రాస్తున్నాను. భాగ్య తప్పు నొక్కలేదు. అంత భయంలోనూ, సైటులో నేను పెట్టిన నంబరునే, ఒక్క అంకె కూడా తప్పకుండా నొక్కింది. ప్రతిసారీ నొక్కింది.

ఇది రాయడం వల్ల ఆ పిల్లకు ఒరిగిందేమీ లేదు. ఈ పాటికి ప్లాంటులో నీళ్ళ పైపు పట్టుకొని వరుసల మధ్య నడుస్తూ ఉంటుంది. నాకు మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది. ముందు ఆడాల్సింది నాకు కాదు.