సూది పడని మేక

మేకకి జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకెళ్తారా అని నన్ను చూసి నవ్విన వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

డెబ్బైల చివర్లో మేము ఫిషింగ్ హార్బరుకి ఎగువనున్న వాడలో ఉండేవాళ్ళం. మా ఆయనకి పోర్టులో కలాసీ పని. ఒకరోజు క్రేను కొక్కెం తగిలి కాలు విరిగింది. కొడుకు మళ్ళీ తన కాళ్ళ మీద నడిస్తే మేకపోతునిస్తానని అత్త అమ్మవారికి మొక్కుకుంది. ఆయన నడిచాడు. అత్త భీమిలి వైపు నుంచి ఒక తెల్ల మేకపిల్లను తెచ్చి నా చేతిలో పెట్టింది. వచ్చే అమ్మవారి పండక్కి దాన్ని ఎదిగించాలట. మొక్కింది ఆవిడ, పెంచాల్సింది నేను.

పెంచాను. పోర్టులోంచి ఎగిరొచ్చే ఇనప ఖనిజం దుమ్ముకి సాయంత్రానికల్లా దాని ఒళ్ళు ఎర్రబడేది. రోజూ తడిగుడ్డతో తుడిచేదాన్ని. నేను బిందె పట్టుకుని కుళాయికి వెళ్తే వెనకాలే వచ్చి వరసలో నాతోపాటే నిలబడేది. ఎలాగూ కోసే మేక మీద ఇష్టం పెంచుకోవడం ఏమిటని మీరు అడగొచ్చు. ఒక మేకకి రోజూ మీ చేత్తో ఆకు తినిపించి చూడండి, తర్వాత అడగండి.

అమ్మవారి పేరు పెట్టిన మేకకి మా వైపు రెండు కట్టుబాట్లు. దాన్ని ఎవరూ అదిలించకూడదు. దాని ఒంటి మీద గాటు పడకూడదు; గాటు పడ్డదాన్ని అమ్మవారు ముట్టదంటారు. మొదటి కట్టుబాటు పుణ్యమా అని అది వాడంతటికీ దొర అయిపోయింది. ఏ ఇంట్లో దూరినా గంజి పోసేవాళ్ళు, చేట ముందు నిలబడితే బియ్యం పెట్టేవాళ్ళు. పుణ్యం ఊరకే వస్తుంటే ఎవరు వదులుకుంటారు! అన్నం పెట్టకండి, మేకకి అరగదు అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

వీధి చివర పెళ్ళి జరిగిన మర్నాడు, మిగిలిన అన్నం గంగాళంతోనే దాని ముందు పెట్టారు. పొద్దెక్కేసరికి ఎడమ డొక్క ఉబ్బి డప్పులా బిగిసింది. పళ్ళు నూరుతూ, పడుకోలేక లేస్తూ, నావైపు చూసి మూలిగింది. నేను పరిగెత్తి రిక్షా పిలిచాను. అత్త కూడా ఎక్కింది.

పశువుల ఆసుపత్రిలో గేదెలూ ఎడ్లూ బారులు తీరి ఉన్నాయి. వాకిట్లో కూర్చున్న మనిషి మమ్మల్ని చూసి పళ్ళికిలించాడు.

"మేకకి మందేటమ్మా? బేగి కోయించీండి, కూరైనా దక్కుద్ది."

"మీ ఇంట్లో ఎవలికైనా కడుపుబ్బితే అలాగే సేత్తావా?" అన్నాను.

లోపల డాక్టరు కుర్రవాడు, మంచివాడే. డొక్క నొక్కి చూశాడు, నోట్లో నూనె పోయించాడు. ఎంతసేపటికీ ఉబ్బు దిగలేదు.

"గాలి తీసెయ్యాలి. డొక్కలో లావుపాటి సూది గుచ్చుతాను, తేరుకుంటుంది" అని సూది చేతిలోకి తీసుకున్నాడు.

అత్త మేక మీద చెయ్యి అడ్డం పెట్టింది. "సూదేటి బాబూ! అమ్మోరికిచ్చిన జీవం. బొక్క పడితే నా మొక్కేటైపోద్ది?"

"సచ్చిపోతే ఏటైపోద్దత్తా?"

"అమ్మోరు సూసుకుంటాది. నువ్వూరుకో."

ఆవిడ ఒప్పుకోకుండా తాను గుచ్చలేనన్నాడు డాక్టరు. బతిమాలాను, అరిచాను, అత్త చెయ్యి పట్టుకుని లాగాను. గేదెల వాళ్ళంతా అత్త వైపే. మొక్కు మేకని పొడవమంటావా అని నాకే బుద్ధులు చెప్పారు. డాక్టరు సూది బల్ల మీద పెట్టేసి పక్కనున్న గేదె దగ్గరికి వెళ్ళిపోయాడు. ఎవరిని తిట్టాలో కూడా నాకు తెలియలేదు. సూది ఆ బల్ల మీదే ఉంది.

తిరుగుదారిలో, రిక్షాలో, నా ఒళ్ళోనే పోయింది.

అత్త ఏడ్చింది. అబద్ధం చెప్పను, నిజంగానే ఏడ్చింది. దాని ఒంటికి పసుపు రాస్తూ, "సిన్న గీతైనా పడనేదు" అంది. ఆ మాటకి నాకు ఒళ్ళు భగ్గున మండింది. మా ఆయన మాత్రం "మా అమ్మనేటీ అనకు" అన్నాడు. అది ఆయనకి అలవాటైన మాటే.

మొక్కు అలాగే మిగిలిపోయింది కదా, కొన్నాళ్ళకి అత్త ఇంకో మేకపిల్లను తెచ్చి మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. మర్నాడే దాన్ని చంకనేసుకుని అదే ఆసుపత్రికి నడిచాను. వానాకాలం రోగాలకి వేసే టీకా వేయించి, తీసుకొచ్చి అత్త ముందు దింపాను.

"సూది పడింది" అన్నాను.

అత్త దాని జబ్బ తడిమింది. చిన్న బుడిపె చేతికి తగిలేసరికి గడప మీద చతికిలబడింది.

"నీ మొగుడి కాలికి మళ్ళీ ఏటైనా అయితే?"

నేనూ ఆ వాడదాన్నే, నాకు మాత్రం భయం ఉండదా? పిల్లను దగ్గరికి లాక్కున్నాను.

"ఏయించింది నాను. అడిగితే నన్నే అడగమను అమ్మోరిని."